సొంత వాక్యం

దుర్గకు పదో తరగతిలో పోయింది ఒక్క ఇంగ్లీషే. ముప్ఫై అయిదు రావాల్సిన చోట ఇరవై ఆరు వచ్చాయి. లెక్కల్లో కూడా గట్టెక్కిన పిల్ల ఇంగ్లీషులో తప్పిందంటే ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఆడపిల్ల అంతదాకా చదవడమే గొప్పన్నారు. ఆ వేసవిలోనే పెళ్లి చేసి, చింతలపూడి పక్కనున్న వాళ్ల ఊరి నుంచి నూజివీడుకు నాలుగు మైళ్లలో ఉన్న ఈ ఊరికి పంపించారు. మొగుడు సాంబయ్య మామిడి తోటల్లో కాయ కోస్తాడు. అప్పటినుంచీ పదకొండేళ్లుగా దుర్గ కూడా సీజను మూడు నెలలూ షెడ్డులో కూర్చుని కాయను ఏరి, పెట్టెల్లో గడ్డి పరిచి సర్దుతోంది. సీజను అయ్యాక నాట్లు, కలుపులు, కోతలు. కూతురు లక్ష్మి రెండో తరగతికి వచ్చింది. ఇంగ్లీషు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, దుర్గా ఎత్తలేదు.

ఎత్తింది నాగమణి. షెడ్డులో దుర్గ పక్కన కూర్చుని పనిచేసే మనిషి, ఊళ్లో ఏ కబురైనా అందరికంటే ముందు ఆమె చెవినే పడుతుంది. ఎనభై ఆరు ఏప్రిల్‌లో, చిన్నరసాలు అప్పుడప్పుడే దిగుతున్న రోజుల్లో, ఒక పొద్దున గంప కింద పెట్టీ పెట్టకముందే మొదలుపెట్టింది.

"మనూళ్లో అంగన్‌వాడీ పెడతారంటనే. వచ్చే ఏడు. టీచరు ఈ ఊరి మనిషే అయ్యుండాలంట, పదో తరగతి పాసయ్యుండాలంట. మన పేటలో పదో తరగతి దాకా వెళ్లింది నువ్వొక్కదానివే గదా!"

"వెళ్లాను. పాసవలేదు," అంది దుర్గ.

"అయితే పాసవ్వు," అంది నాగమణి, అదేదో చెయ్యి కడుక్కు రావడమంత తేలిక అన్నట్టు.

ఆ మాట దుర్గను పట్టుకుంది. పెట్టెలు సర్దుతున్నా అదే, అన్నం వండుతున్నా అదే. అక్టోబరులో ఒక్క సబ్జెక్టు రాసుకోవచ్చని ఆమెకు తెలుసు. ఆదివారం నూజివీడు వెళ్లినప్పుడు బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు గైడు ఒకటి కొంది. సాంబయ్యకు చెప్పలేదు. తప్పినప్పుడు నవ్వేవాళ్లు ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిది అనుకుంది.

షెడ్డుకు ఎదురుగా రోడ్డవతల మగ్దలేనమ్మగారి ఇల్లు. ముప్ఫై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరు. ఇప్పుడు నాలుగు కోళ్లు, ఒక కుట్టుమిషను, వాకిట్లో ఒక బోరింగు పంపు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక షెడ్డు ఆడవాళ్లంతా నీళ్లకు ఆ పంపు దగ్గరికే వెళ్తారు. ఒకరోజు మిగతావాళ్లు వెళ్లిపోయాక దుర్గ ఆవిడ అరుగు చివర కూర్చుని, గైడు తెరిచి, కళ్లు మూసుకుని వల్లె వేస్తోంది.

"స్టబ్బరన్ అంటే ఆబ్‌స్టినేట్. స్టబ్బరన్ అంటే ఆబ్‌స్టినేట్."

లోపల కుట్టుమిషను ఆగింది.

"ఆబ్‌స్టినేట్ అంటే ఏంటమ్మాయ్?" అని వినపడింది.

దుర్గ ఉలిక్కిపడి లేచి నిలబడింది. "స్టబ్బరన్ అండీ."

మగ్దలేనమ్మగారు గుమ్మంలోకి వచ్చి నవ్వారు. దుర్గకూ నవ్వొచ్చింది. ఎందుకు చదువుతున్నావని ఆవిడ అడిగితే అంగన్‌వాడీ సంగతి, ఇరవై ఆరు మార్కుల సంగతి మొత్తం చెప్పేసింది. ఆవిడ గైడు తీసుకుని రెండు పేజీలు తిప్పారు. సమృద్ధిగా అని చెప్పే అబండంట్ అనే మాటకు అందులో ఉదాహరణ, లోయలో మంచు అబండంట్‌గా కురిసిందని.

"ఇలా దూదిలా రాలే మంచు ఎప్పుడన్నా చూశావా?"

"లేదండీ."

"నేనూ చూళ్లేదు. దీన్ని మూసెయ్. రేపు ఒక నోటుపుస్తకం తెచ్చుకో."

మర్నాటి నుంచి మధ్యాహ్నం అరగంట చదువు మొదలైంది. రోజుకు మూడు మాటలు. ఆవిడ ముందు అర్థం చెప్పేవారు, చిన్న పిల్లకు చెప్పినట్టు తేలిక మాటల్లో. "స్టబ్బరన్ అంటే మొండి. పదిమంది చెప్పినా తన మాటే నెగ్గాలనేవాడు." తర్వాత ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి రాయించేవారు. ఆ తర్వాత ఇంటికెళ్లి దుర్గ తనంతట తాను ఒక వాక్యం రాసుకు రావాలి. దానికి ఒక్కటే షరతు పెట్టారు.

"అబద్ధం రాయకూడదు. నీ సొంత వాక్యం నిజంగా నీ కళ్లముందు జరిగిందే అయ్యుండాలి. కల్పించి రాసింది పరీక్ష హాల్లో గుర్తు రాదు. జరిగింది ఎక్కడికీ పోదు."

ఈ షరతు తేలికనుకుంది దుర్గ. రాయడానికి కూర్చుంటే తెలిసింది. మొండి అనగానే ఆమె కళ్లముందు ఇంకెవరూ రాలేదు. మై హస్బెండ్ ఈజ్ స్టబ్బరన్ అని మొదలుపెట్టి, ఎందుకో కూడా రాసింది. రాసి, చుట్టూ ఒకసారి చూసి, నోటుపుస్తకాన్ని గూట్లో బియ్యం చేట వెనక పెట్టింది. అబండంట్‌కు, ఈ ఏడు కాయలు అబండంట్, పెట్టెలు మాత్రం కావు అని రాసింది. ఆ వాక్యం చూసి మగ్దలేనమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ముప్ఫై ఏళ్లలో నా పిల్లలెవరూ ఇలాంటిది రాయలేదు," అన్నారు. దుర్గకు ఆ రోజంతా చేతులకు మామిడి సొన మంట కూడా తెలియలేదు.

మే నెల సగానికి వచ్చేసరికి నోటుపుస్తకం సగం నిండింది. పేజీల అంచులు సొన అంటి నల్లబడ్డాయి. నాగమణి పక్కనే కూర్చుని అన్నీ వినేది, విన్నవాటిని షెడ్డంతా చల్లేది. ఆలస్యంగా వచ్చినవాళ్లను పంక్చువల్ కాదనేవాళ్లు, మెత్తటి కాయను డెలికేట్ అనేవాళ్లు. మేస్త్రీ కొండయ్య మొదట్లో విసుక్కున్నాడు. "పనిచేసే చోట ఇంగ్లీషేంటి? కాయ పాడవుతుంది." పంక్చువల్‌కు ఉదాహరణగా దుర్గ అతని పేరే రాసిందని తెలిశాక ఆ మాట అనడం మానేశాడు. పైగా ఇంకో పావుగంట ముందే రావడం మొదలుపెట్టాడు.

ఒకరోజు సాయంత్రం సాంబయ్య తోటలోంచి కాయ గంపలు తెచ్చి షెడ్డులో దించుతుంటే నాగమణి నోరు ఊరుకోలేదు.

"సాంబయ్యన్నా, నీ పేరు ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కిందయ్యోయ్! మీ ఆవిడ రోజూ నీ మీద రాస్తోంది."

అందరూ నవ్వారు. సాంబయ్య మాత్రం నవ్వలేదు. గంప దించి, తలపాగా విప్పి దులుపుకుని వెళ్లిపోయాడు. చేతిలో ఉన్న పెట్టె ఎలా సర్దిందో దుర్గకే తెలియదు. పని కాగానే పరుగున ఇంటికెళ్లి, మధ్యాహ్నం చదువు కాగానే తను దాచి వచ్చిన గూట్లో చెయ్యి పెడితే బియ్యం చేట వెనక ఏమీ లేదు.

పొద్దు వాలుతోంది. లక్ష్మి పొరుగింట్లో ఆడుకుంటోంది. నాన్న పుస్తకం పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాడని ఆ పిల్లే చెప్పింది. దుర్గ వెనక్కి పరిగెత్తింది. మగ్దలేనమ్మగారి వాకిలి దగ్గర ఆగిపోయింది. సాంబయ్య అరుగు కింది మెట్టు మీద మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, పంచాయితీలో కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని నోటుపుస్తకం తెరిచి పట్టుకున్నారు. సాంబయ్యకు చదువు రాదు.

"రాసింది రాసినట్టు చెప్పమంటావా?" అని అడుగుతున్నారు ఆవిడ.

"ఉన్నదున్నట్టు చెప్పండి టీచరమ్మగారూ."

దుర్గ గేటు పక్కనున్న గోడ వెనకే నిలబడిపోయింది.

"స్టబ్బరన్ అంటే మొండి. వాక్యం: మా ఆయన మొండి. వాన కురుస్తున్నా గొడుగు పట్టుకోడు. గొడుగు ఆడవాళ్లదంటాడు."

సాంబయ్య ఒక క్షణం ఆలోచించాడు. "అన్నానండీ. నిజమే."

"ఫ్రైటెన్ అంటే భయపెట్టడం. మా ఆయన గురక మా పిల్లిని భయపెడుతుంది. అది లేచి పొరుగింటికి పోతుంది."

"పిల్లి సంగతి నాకు తెలీదండీ. అప్పుడు నేను నిద్రలో ఉంటాను గదా."

మగ్దలేనమ్మగారి పెదవులు బిగిశాయి, నవ్వు ఆపుకోవడానికని దూరంనుంచే తెలుస్తోంది. పేజీ తిప్పారు. "హెజిటేట్ అంటే వెనకాముందు ఆడటం. కాలవలో దూడ పడినప్పుడు మా ఆయన హెజిటేట్ చెయ్యలేదు. చొక్కా కూడా విప్పకుండా దూకాడు."

సాంబయ్య వెన్ను నిటారైంది. "అది కూడా రాసిందా?"

"రాసింది. నిజమైంది ఏదైనా రాస్తుంది. నేనే అలా చెప్పాను."

ఇంకా ఏడెనిమిది చదివారు ఆవిడ. కొన్నిట్లో సాంబయ్య ఉన్నాడు, కొన్నిట్లో కొండయ్య, కొన్నిట్లో మామిడికాయలు. తన వాక్యాలు ఇంకొకరి నోట తెలుగులో వింటుంటే, అవి తను రాసినవేనా అనిపించింది దుర్గకు. ఆఖరుకు నిన్న రాసిన పేజీ వచ్చింది. అది చదవకపోతే బాగుండునని ఆమె అనుకుంటుండగానే ఆవిడ గొంతు వినిపించింది.

"రిగ్రెట్ అంటే చేసినదానికో చెయ్యనిదానికో తర్వాత బాధపడటం. వాక్యం: పెళ్లయ్యాక ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాస్తానని మా ఆయన్ని అడగనందుకు బాధపడుతున్నాను. అడిగితే పంపేవాడు."

కోళ్లు గూట్లోకి చేరుతూ కొక్కొక్కమంటున్నాయి. సాంబయ్య తల వంచుకుని అరచేతుల్లో ఎండిన సొన మచ్చలను గీక్కుంటున్నాడు.

"టీచరమ్మగారూ, ఆ ఆఖరిది తప్పండీ," అన్నాడు చివరికి.

"ఏం తప్పు?"

"అడిగితే పంపేవాడంది గదా. అప్పుడైతే పంపేవాణ్ణి కాదండీ. మా అమ్మ ఏమంటదో, ఊళ్లోవాళ్లు ఏమంటారో అనుకునేవాణ్ణి. నాకంటే ఎక్కువ చదివిందని లోపల్లోపల అదొకటి ఉండేది. అబద్ధం రాయకూడదన్నారు గదా మీరు. కొట్టేయమనండి."

మగ్దలేనమ్మగారు కళ్లజోడు మీదుగా అతన్ని చూశారు. "మరి ఇప్పుడో?"

"ఇప్పుడైతే నేనే తీసుకెళ్తాను."

గోడ వెనక దుర్గ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకునేలోపే ఆవిడ పిలిచారు. "దుర్గా, ఆ గోడ పడదులే, వదిలిపెట్టి ఇటు రా. పెన్సిలు తెచ్చుకో."

దుర్గ వచ్చి, సాంబయ్య ముఖంలోకి చూడకుండా, ఆ వాక్యంలోని రెండో సగం కొట్టేసింది. అడిగితే అప్పుడు పంపేవాడు కాదు, ఇప్పుడు పంపుతాడు అని ఇంగ్లీషులో రాయడానికి దుర్గా మగ్దలేనమ్మగారూ కలిసి పది నిమిషాలు కష్టపడ్డారు. సాంబయ్య ఆ అక్షరాల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి నడుస్తున్నప్పుడు సగం దూరంలో ఉన్నట్టుండి అన్నాడు.

"దుర్గా, మొండికి నువ్వు గొడుగు సంగతి రాశావు గానీ, నా దగ్గర అంతకంటే మంచిది ఉంది. పన్ను నొప్పితో ఆర్నెల్లు తిరిగాను గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, గుర్తుందా? అది రాయి."

దుర్గకు ఆ రోడ్డు మీదే పకపకా నవ్వొచ్చింది. "మావా, పన్నును ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు!" అంది.

అక్కడినుంచి సాంబయ్య ఆమెకు ఉదాహరణలు తెచ్చిపెట్టేవాడైపోయాడు. పొద్దున్నే ముందురోజు మాటలు మూడూ అడిగి, అర్థాలు చెప్పించుకుని తోటకు వెళ్లేవాడు. రోజంతా కొమ్మల్లో కాయ కోస్తూ వాటికోసం చూసేవాడు. సాయంత్రం కాళ్లు కడుక్కోకుండానే గుమ్మంలోంచి కేకేసేవాడు.

"కాషస్ దొరికిందే! ఎర్రచీమల గూడున్న కొమ్మ ఎక్కేముందు కర్రతో నాలుగుసార్లు తట్టి చూశాను. జాగ్రత్త మనిషి అన్నావు గదా, కాషస్ అంటే నేనే!"

జెనరస్ మాత్రం మూడు రోజులు దొరకలేదు. అడక్కుండా ఇచ్చే గుణం అని దుర్గ చెప్పింది. తోటంతా వెతికానని, రోజూ ఉత్త చేతులతో వస్తున్నానని సాంబయ్య బాధపడ్డాడు. నాలుగో రోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. తనతో పాటు కాయ కోసే వీరయ్య, పదేళ్లలో ఎవరికీ అగ్గిపుల్ల కూడా ఇవ్వనివాడు, ఆ రోజు అడక్కుండా ఒక బీడీ ఇచ్చాడట.

"వీరయ్య బీడీ గురించి పరీక్షలో రాయొచ్చా అండీ?" అని దుర్గ మర్నాడు సందేహంగా అడిగింది.

"ఎందుకు రాయకూడదు? దిద్దేవాళ్లలో బీడీ తాగేవాళ్లు లేరా ఏంటి?" అన్నారు మగ్దలేనమ్మగారు.

సీజను అయిపోయింది. షెడ్డు మూసేశారు, చదువు ఆగలేదు. నాట్ల రోజుల్లో దుర్గ బురద కాళ్లతోనే ఆవిడ ఇంటికి వచ్చి, పంపు దగ్గర కడుక్కుని కూర్చునేది. నోటుపుస్తకం నిండి రెండోది మొదలైంది. సెప్టెంబరులో ఆవిడ పాత ప్రశ్నపత్రాలు ముందేసి పరీక్ష పెట్టారు. ఒకసారి ముప్ఫై రెండు, ఇంకోసారి ముప్ఫై తొమ్మిది వచ్చాయి. ముప్ఫై రెండు వచ్చిన రోజు దుర్గ అన్నం తినలేదు. సాంబయ్య కంచం పక్కన పెట్టుకుని, తినేదాకా తనూ తినను అని మొండికేశాడు. ఆ వాక్యం కూడా పుస్తకంలోకి వెళ్లింది.

అక్టోబరు వచ్చింది. పరీక్ష నూజివీడులో. బస్సులో ఇరుకున నిలబడి వెళ్తే చదివినదంతా కారిపోతుందని సాంబయ్య వాదన. కొండయ్య దగ్గర సైకిలు అడిగి తెచ్చి, వెనక సీటు మీద తన తువ్వాలు మడతపెట్టి వేశాడు. దుర్గ పెళ్లినాటి నీలం చీర కట్టుకుంది. దారి పొడుగునా రెండు వైపులా మామిడి తోటలు, రాత్రి వానకు తడిసి ముదురాకుపచ్చగా ఉన్నాయి. సాంబయ్య తొక్కుతూ అడుగుతున్నాడు, ఆమె వెనక నుంచి చెబుతోంది.

"యాంగ్జియస్?"

"ఏమవుతుందో ఏమోనని గాబరా పడటం."

"ఉదాహరణ?"

"ఇప్పుడు నువ్వు."

"నేనా? నాకేం గాబరా?" అంటూనే రోడ్డు మీది గుంటలోకి సైకిలు దింపాడు.

గేటు దగ్గర ఆమెను దించాక అతను వెళ్లలేదు. లోపల కూర్చోనివ్వరు మావా, టీ తాగి రా అంది దుర్గ. సరే అన్నాడు, రెండడుగులు వేశాడు, వెనక్కి వచ్చాడు. పెన్ను రాస్తుందా అని అడిగాడు. హాల్‌టికెట్టు ఉందా అని అడిగాడు. గంట కొట్టారు. అప్పుడు కూడా అతను ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో గేటు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చుట్టూ ఉన్న పదహారేళ్ల పిల్లలు వాళ్లిద్దర్నీ చూసి ముసిముసిగా నవ్వుకున్నారు.

ప్రశ్నపత్రం దుర్గ చేతికొచ్చింది. పాఠాల ప్రశ్నలు, వ్యాకరణం నెమ్మదిగా రాసుకుంటూ పోయింది. ఆఖర్లో ఎనిమిది మాటలు ఇచ్చి, వాటిలో అయిదింటిని సొంత వాక్యాల్లో వాడమన్నారు. అబండంట్ కనిపించగానే పాత చుట్టాన్ని చూసినట్టనిపించింది. కాయలు, పెట్టెల వాక్యం రాసింది. హెజిటేట్‌కు దూడ, జెనరస్‌కు వీరయ్య, కాషస్‌కు ఎర్రచీమలు వచ్చి కూర్చున్నాయి. నాలుగయ్యాయి. అయిదోదానికి మిగిలిన నాలుగు మాటల్లో మూడు ఆమె ఎన్నడూ విననివి. నాలుగోది రిలక్టెంట్.

దాని అర్థం తెలుసు. ఒక పని చెయ్యాలని మనసులో లేకపోయినా, తప్పక, వెనక్కి లాగుతున్నట్టుగా చెయ్యడం. మగ్దలేనమ్మగారు ఆఖరి వారంలో చెప్పారు గానీ వాక్యం రాసుకునే వేళ దొరకలేదు. గైడులో ఉన్నదేదో లీలగా గుర్తొచ్చింది, ఎవరో రాజు, ఎవరో మంత్రి. ఆ రాజు ఏం చెయ్యడానికి వెనకాడాడో ఎంత తన్నుకున్నా రాలేదు. దుర్గ పెన్ను కింద పెట్టి కిటికీలోంచి చూసింది. గేటు కనిపిస్తోంది. సైకిలు గోడకు ఆనించి ఉంది. సాంబయ్య ఇంకా అక్కడే, టీ కొట్టు వైపు వీపు పెట్టి, బడి వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, చేత్తో నోరు మూసుకుంది. కాపలా ఉన్న టీచరు దగ్గరికొచ్చి, ఏంటమ్మా అన్నట్టు చూసింది. "ఏం లేదండీ," అని దుర్గ తల వంచి రాసింది. నన్ను గేటు దగ్గర వదిలి వెళ్లడానికి మా ఆయన రిలక్టెంట్‌గా ఉన్నాడు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మొదటి వాక్యం చాలు, రెండోది అడగలేదు. అయినా నిజమే కదా అని ఉంచేసింది.

ఫలితాలు డిసెంబరులో వచ్చాయి. పేపరు తెచ్చింది నాగమణి. నంబరు చూసుకోవడం దుర్గ వల్ల కాలేదు. అంకెలు మాత్రం చదవగలిగిన సాంబయ్య నేల మీద పేపరు పరిచి, వేలు పెట్టి ఒక్కొక్క వరసా దిగుతూ వచ్చాడు. వేలు ఆగింది. నంబరు మళ్లీ చదివాడు, హాల్‌టికెట్టు పక్కన పెట్టి మూడోసారి చదివాడు. ఆ తర్వాత లేచి, లక్ష్మిని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని వీధిలోకి నడిచాడు. కనిపించిన ప్రతివాళ్లకూ "మా ఆవిడ పదో తరగతి పాస్" అని చెబుతూ, మగ్దలేనమ్మగారి ఇంటిదాకా వెళ్లాడు. మార్కులు నలభై నాలుగని తర్వాత తెలిసింది.

వేసవి మొదట్లో అంగన్‌వాడీ ఇంటర్వ్యూకు పిలిచారు. వచ్చిన ఆఫీసరుగారు ఆమె కాగితాలు చూస్తూ, పిల్లలంటే ఇష్టమేనా అని ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశారు. దుర్గ ఒక్క క్షణం ఆగి, అవునండీ, మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ పేటలో పిల్లలంతా మా ఇంట్లోనే ఆడుకుంటారు అని ఇంగ్లీషులోనే చెప్పింది. రెండు చోట్ల తడబడిందని ఆమె అనుకుంది. ఆయన మాత్రం నవ్వి ఏదో రాసుకున్నారు.

ఉద్యోగం కాగితం జూన్‌లో పోస్టులో వచ్చింది, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. దుర్గ గుమ్మంలో నిలబడి గట్టిగా చదివి, ఒక్కొక్క ముక్కా తెలుగులో సాంబయ్యకు చెప్పింది. మధ్యలో ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. హానరేరియం. ఇద్దరూ మగ్దలేనమ్మగారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ కూడా వెంటనే చెప్పలేక, "ఉండు, నేనూ చూడాలి," అంటూ లోపలి నుంచి లావుపాటి డిక్షనరీ తెచ్చారు. జీతం అనకుండా గౌరవంగా ఇచ్చేది అని ఉంది అందులో.

"గౌరవంగా ఇస్తారా?" అన్నాడు సాంబయ్య. "అయితే మంచిదే తీసుకో."

ముగ్గురూ అరుగు మీద కూర్చుని పెద్దరసాలు తిన్నారు. మోచేతుల దాకా రసం కారింది.

ఆ పై సోమవారం నుంచి అంగన్‌వాడీ తెరిచారు. ఒక రైతుగారి ఖాళీ కొట్టాం, రెండు చాపలు, ఒక పలక. మొదటి రోజు ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చారు. వాళ్లలో తొమ్మిదిమంది ఏడ్చారు, ఒకడు పారిపోయి దొరికాడు. దుర్గ ఒకర్ని ఒళ్లో పెట్టుకుని, ఒకర్ని చంకనేసుకుని పాట ఎత్తుకుంది. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టాక ఎవరూ ఏడవలేదు.